ముఖం చెరిపేస్తే మనిషి దాగుతుందా?

ఈమధ్య ఆయిల్ పెయింటింగుల్లో ముఖం చెరిపేయడం బాగా ఎక్కువైంది. మనిషి కూర్చుని ఉంటుంది. చీర మడతలు, గాజులు, వెనక గోడ పెచ్చులు అన్నీ ఓపిగ్గా వేసి ఉంటాయి. మెడ దాటేసరికి బ్రష్‌తో అడ్డంగా ఒక్క ఈడ్పు. పక్కన అంటించిన చీటీలో అస్తిత్వం, గోప్యత అని రెండు మాటలు. ఆధార్‌కీ, చౌరస్తాలో సీసీ కెమెరాకీ, ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోన్‌కీ ఆ ఒక్క ఈడ్పే జవాబన్నట్టు చూసినవాళ్లు తలూపుతారు.

నాకు ఆ ఈడ్పు మీద నమ్మకం లేదు. ముందు ముఖం గీసి తర్వాత చెరిపితే, ఆ ముఖం రంగు కిందే ఉంటుంది. అసలు గీయకపోయినా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మనిషిని పట్టించేది ముఖం ఒక్కటే కాదు. దాచడమనేది చివర్లో పూసే పూత కాదు, కాన్వాస్ బిగించకముందే తేల్చుకోవాల్సిన పని. చేనేత ఊరు పుట్టపాకలో చిటికి (ఇకత్) పని చేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. నూలు మగ్గమెక్కకముందే ఏ పోగుకు ఎక్కడ రంగు అంటాలో, ఎక్కడ అంటకూడదో కట్టి తేల్చేస్తారు. నేత అయిపోయాక దిద్దడానికి ఏమీ మిగలదు.

మాట గాల్లో తేలిపోకుండా ఒక బొమ్మ అనుకుందాం. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కాన్వాస్. నల్లగొండ జిల్లాలో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు ఒక ఊరు. ఇంటి కడప మీద ఒక నడివయసు ఆమె కూర్చుంది. తల మీదుగా గడ్డం కిందిదాకా తేలియా రుమాలు అనే గళ్ల గుడ్డ జారి ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. వెనక సగం తెరిచిన తలుపు. "నా మొఖం రావద్దు" అన్నది ఆమె షరతు. ఈ షరతును నిజంగా నిలబెట్టాలంటే ఏమేం చేయాలి?

పళ్లు చెప్పే ఊరు

పేపర్లవాళ్ల పాత పద్ధతి కళ్ల మీద నల్ల పట్టీ. ఫ్లోరైడ్ ఊళ్లలో అది ఎందుకూ కొరగాదు. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడేది చిన్నప్పుడు, పంటిపింగాణీ తయారయ్యే వయసులో, దాదాపు ఎనిమిదేళ్లలోపే. పెద్దయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా కొత్తగా ఆ చారలు రావు. అంటే ఆ పళ్లు ఒక దాఖలా. ఆమె ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిందా, పెళ్లి చేసుకుని వచ్చిందా అన్నది నోరు తెరిస్తే తెలిసిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నీళ్లు తాగి పెరిగిన పిల్లలు, అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగిన వాళ్ల అక్కలు ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ల వయసు తేడా కూడా పళ్లే చెబుతాయి.

నవ్వొస్తే నోటికి చెయ్యో కొంగో అడ్డం పెట్టుకోవడం ఆ పక్క ఊళ్లలో మామూలు. సిగ్గు అనుకుని దాన్ని అందంగా వేస్తారు చాలామంది. అది సిగ్గు కాదు. వాళ్లు ఎప్పటినుంచో తమకు తాము చేసుకుంటున్న గోప్యత. బొమ్మలో ముఖం చెరిపేయడం కంటే అలా అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎంతో ఎక్కువ చెబుతుంది, ఎంతో ఎక్కువ దాస్తుంది.

ముఖం వద్దనుకుంటే వీపు చూపిస్తే పోలేదా అనవచ్చు. జర్మన్ పెయింటర్ గెర్హార్డ్ రిక్టర్ 1988లో కూతురిని అలాగే వేశాడు. ‘బెట్టీ’ అనే ఆ బొమ్మలో అమ్మాయి తల అటు తిప్పుకుని ఉంటుంది, మనకు జుట్టు, పూల కోటు తప్ప ముఖం కనిపించదు. ఆ ఉపాయం అక్కడ పనిచేసింది. ఇక్కడ పనిచేయదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎముకల్లో చేరినవాళ్ల నడుము వంగిన తీరు ఒకరిది ఒకరికి రాదు. మోకాళ్లు ఒరుసుకునే తీరూ అంతే. రెండొందల గడప ఉన్న ఊళ్లో వీపు చూపించడమంటే పేరు రాసిపెట్టినట్టే.

మసక ఎవరి కోసం

రిక్టర్ పేరు వచ్చింది కాబట్టి అతని మసక సంగతి కూడా చూద్దాం. తడిగా ఉన్న రంగు మీద మెత్తటి పొడి బ్రష్‌ను ఒకే దిక్కుగా, బరువు లేకుండా లాగుతారు. అంచులు కలిసిపోతాయి. చూడ్డానికి కదిలిపోయిన ఫోటోలా ఉంటుంది. మన దగ్గర ఇప్పుడు కనిపించే మసక ముఖాల్లో సగం దీని నకళ్లే.

అయితే తెలిసినవాళ్ల ముఖాన్ని గుర్తుపట్టడానికి మనకు వివరాలు అక్కర్లేదు. నుదుటి వెడల్పు, కళ్ల గుంటల నీడ, గడ్డం వంపు మసగ్గా ఉన్నా చాలు. మసక అన్నది హైదరాబాద్ గ్యాలరీలో నిలబడ్డ అపరిచితుడి నుంచి మాత్రమే ఆమెను దాస్తుంది. ఆ అపరిచితుడు ఆమెకు చేసే చెరుపేమీ లేదు. ఆమె భయపడేది వాడకట్టుకు, చుట్టాలకు, కూతురికి సంబంధం చూడ్డానికి వచ్చేవాళ్లకు. వాళ్లు మాత్రం వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను అరచేతిలో చూసి "గిది మన ఫలానా ఆమెనే గదా" అంటారు. కాళ్ల కడియమో, కూర్చున్న తీరో చాలు.

తలుపు కూడా మాట్లాడుతుంది. పల్స్ పోలియోవాళ్లు సుద్దతో రాసిపోయిన గుర్తులు, తేదీలు, సర్వేలకు వేసిన ఇంటి నంబర్లు పెయింటర్లకు భలే ఇష్టం. పాత తలుపు మీద అవి అందంగా ఉంటాయి నిజమే. చూసింది చూసినట్టు దించేస్తారు. ముఖానికి గుడ్డ కప్పి తలుపు మీద ఇంటి నంబరు ఉంచడం కంటే తెలివితక్కువ పని లేదు. ముంజేతి పచ్చబొట్టు కూడా అంతే, అందులో తరచూ ఒక పేరే ఉంటుంది. పుస్తెల తీరు చూసి ఏ ఇంటివాళ్లో చెప్పగలిగే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు.

కాబట్టి మన బొమ్మలో తలుపు వేరే ఊరిది కావాలి, కడప మీది జాజు పట్టెలు ఇంకో ఊరివి, కూర్చున్న తీరు మరొకరిది. ఇలా కలిపి వేస్తే అబద్ధం కాదా అని నాకూ అనిపిస్తుంది. తెలంగాణ పెయింటర్ తోట వైకుంఠం బొమ్మల్లోని ఆడవాళ్లు ఏ ఒక్క మనిషీ కారు, ఒక అచ్చు. అందుకే అక్కడ గోప్యత తగువే రాదు. ఫలానా మనిషి బతుకు గురించిన ప్రశ్న కూడా రాదు. కలిపి వేసిన బొమ్మ ఆ దారిలోకి జారిపోయే ప్రమాదం ఉంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క హద్దు మాత్రం పెట్టుకోవచ్చు. చుట్టూ ఉన్న వస్తువులు ఎక్కడివైనా కావచ్చు, ఆమె తనంతట తాను చూపించడానికి ఒప్పుకున్న భాగం మాత్రం ఆమెదే కావాలి, కల్పన లేకుండా. మన బొమ్మలో అది చేతులు.

రంగు కింద ఏముంటుంది

నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. ఆ మార్పు పైకి ఆరినట్టు కనిపించాక కూడా ఏళ్ల పాటు సాగుతూనే ఉంటుంది. తాజా నూనె వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.48. పాతబడే కొద్దీ అది 1.5 దాటి పెరుగుతుంది. నూనెకూ రంగు పొడికీ మధ్య ఈ అంకెలో తేడా తగ్గే కొద్దీ పూత పారదర్శకం అవుతుంది. పాత బొమ్మల్లో కింద చెరిపేసిన చెయ్యో, టోపీయో దయ్యంలా పైకి తేలడానికి ఇదొక కారణం. టైటానియం వైట్ గుణకం 2.5 పైనే కాబట్టి మందంగా వేస్తే గట్టిగానే కప్పుతుంది. కానీ ముఖం మీద ‘ముసుగు’ కోసం వేసేది మందం పూత కాదు, పల్చగా రుద్దిన తెలుపు. అందం కోసం పల్చన చేస్తారు, ఆ పల్చదనమే కాలం గడిచాక గుట్టు విప్పుతుంది.

అంత కాలం కూడా ఆగక్కర్లేదు. ముక్కు మీద, చెంప మీద మెరుపు కోసం రంగు మందంగా పెట్టి ఉంటారు. ఆరాక దాని మీద ఏం పూసినా ఆ గట్టు అలాగే ఉంటుంది. ఫోన్ టార్చిని కాన్వాస్‌కు పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే గట్ల నీడలు పడి కింది ముఖం కనిపిస్తుంది. కత్తితో గీకేస్తే గుంతల్లో, నేత పోగుల మధ్య రంగు మిగిలి మరక తెలుస్తూనే ఉంటుంది.

నల్లగొండ పెయింటర్ బొమ్మకు పూత కింద ఉన్నది చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఎవరు పెడతారని అడగొచ్చు. ఇవాళ ఎవరూ పెట్టరు. పికాసో 1901లో ‘ది బ్లూ రూమ్’ వేసినప్పుడు కూడా ఎవరూ పెట్టలేదు. 2014లో దాని కింద చెంపకు చెయ్యి ఆనించుకున్న మగమనిషి ఉన్నాడని ప్రకటించారు. డచ్ పెయింటర్ వెర్మీర్ బొమ్మలో ఉత్తరం చదువుతున్న అమ్మాయి వెనక గోడలో మన్మథుడు ఉన్నాడని 1979 నాటి ఎక్స్‌రేలోనే తెలిసింది. ఆ గోడ పూత వెర్మీర్ వేసింది కాదని తేలాక దాన్ని గీకి తీసేసి 2021లో మన్మథుడిని బయటపెట్టారు. కప్పిన పూతకు చట్టం కాపలా ఉండదు. పాత బొమ్మలు బాగుచేసే తర్వాతి తరం రిస్టోరర్‌కు అది ‘అడ్డం’గా కనిపిస్తే చాలు, పత్తి పుల్లతో పోతుంది.

గీత కూడా చూసుకోవాలి. బొగ్గుతో, పెన్సిల్‌తో గీసిన రేఖ ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగా నిలబడుతుంది, ఎందుకంటే కార్బన్ ఆ కాంతిని మింగేస్తుంది. ఎర్రమన్ను, అంటే మన జాజు జాతి రంగు, అందులో దాదాపు మాయమవుతుంది. అందుకే దాచాల్సినది ఉన్న బొమ్మకు తొలి గీత టర్పెంటైన్‌లో పల్చన చేసిన రెడ్ ఆక్సైడ్‌తో వేసుకోవడం మేలు. అయితే ముఖాన్ని దానితో కూడా గీయొద్దు. ముఖం ఉండాల్సిన చోట గుడ్డ మడతలే గీయాలి.

గళ్ల గుడ్డ చేసే మోసం

తేలియా రుమాలు ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. అది నిలువు పోగు, పేక (అడ్డపోగు) రెండింటికీ చిటికి కట్టిన నేత. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి తయారుచేస్తారు. పేరు ఆ నూనె వల్లే వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు మూడు రంగులు, గళ్లుగళ్లు. ఆ గళ్ల గుడ్డను నిజమైన ముఖం మీద కప్పి చూస్తూ వేస్తే, ప్రతి గీతా నుదుటి మీద, ముక్కు మీద, పెదవి మీద వంగి ముఖానికి సర్వే పటం గీసినట్టవుతుంది. ఉత్త తెల్ల గుడ్డ కంటే గళ్ల గుడ్డ ఎక్కువ చెప్పేస్తుంది. దాచబోయి కొలతలు రాసిచ్చినట్టు.

మార్గం తేలికైనదే. ఆమెను గుడ్డ కింద కూర్చోబెట్టొద్దు. కుండను బోర్లించి, గుడ్డ పేలిక ఉండచుట్టి ముక్కు చోట దారంతో కట్టి, దాని మీద రుమాలు వేయాలి. వెలుగు ఒక పక్కనుంచే రావాలి. గుడ్డ తల పైన, నుదుటి అంచున, ముక్కు కొన దగ్గర ఆగుతుంది. ఆ మూడు చోట్ల బిగువు, వాటి మధ్య సడలు. ఈ మూడూ పడితే కింద తల ఉందని కన్ను నమ్ముతుంది. పడకపోతే గోడకు తగిలించిన దస్తీలా చప్పగా ఉంటుంది.

కాన్వాస్‌కు ముందు సైజు (పల్చటి జిగురు), తర్వాత జెస్సో (తెల్లటి అడుగు పూత) మూడు నాలుగు పూతలు, మధ్యమధ్య సన్న ఎమరీతో రుద్దాలి. ఇది అందరికీ తెలిసిందే. తొలి రంగు టర్పెంటైన్‌తో, నూనె తక్కువగా. పైకి పోయే కొద్దీ నూనె పెరగాలి. ఇది తప్పితే ఏడాదిలోనే పగుళ్లు వస్తాయి, మన ఎండలకు ఇంకా తొందరగా. రుమాలు నలుపు కోసం చాలామంది అడుగున ఐవరీ బ్లాక్ పూసేస్తారు. అది నూనె ఎక్కువ తాగుతుంది, నిదానంగా ఆరుతుంది. దాని మీద త్వరగా ఆరే రంగు పడితే పై పొర చీలుతుంది. అడుగున బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన నలుపు వాడుకుంటే మూడు నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. అంబర్‌లో ఉండే మాంగనీసు ఆరడాన్ని తొందరచేస్తుంది. ఐవరీ బ్లాక్ చివరి మెరుగుకే ఉంచుకోవాలి. ఎరుపుకు అలిజరిన్ క్రిమ్‌సన్ మీద ఆశ కలగడం సహజం, రుమాలు సంప్రదాయ ఎరుపు అలిజరిన్‌దే కదా. కానీ ట్యూబులోని ఆ రంగు పల్చటి పూతలో వెలుగుకు వెలిసిపోతుంది. క్వినాక్రిడోన్ ఎరుపు మీద కొంచెం రెడ్ ఆక్సైడ్ నమ్మకం.

చిటికి అంచు మసక వేయడం అసలు పరీక్ష. ఎరుపు, తెలుపు పక్కపక్కన తడిగా ఉండగా, చదునైన పొడి బ్రష్‌తో నిలువు పోగు దారిలో ఒకసారి, పేక దారిలో ఒకసారి, అరంగుళం మించకుండా లాగాలి. ప్రతి లాగుడుకూ బ్రష్ తుడవాలి. అన్ని దిక్కులకూ మసక చేస్తే అది చిటికి కాదు, ఫోకస్ తప్పిన ఫోటో. ముఖం మీద ఆ ఉత్త ఈడ్పుకూ దీనికీ తేడా ఇక్కడే. ఈ మసక గుడ్డకు పుట్టుకతో ఉన్నది, దాని కింద చెరిపిన ముఖం ఏదీ లేదు.

చేతులు

ముఖం లేని బొమ్మలో చూపు చేతుల మీద పడుతుంది. పాలమూరు లేబర్ చేతులు వేరే కథ. సిమెంటు క్షారం, ఇటుక, రాయి కలిసి వేలి గీతల్ని అరగదీస్తాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే పట్టదు, కనుపాప చూపించాల్సి వస్తుంది. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ హాజరుకు రోజుకు రెండుసార్లు ఫోటో తప్పనిసరి అయింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న చెప్పారు. ఆ హక్కు గురించి వినకముందే వేలిముద్ర పోయినవాళ్లు కొల్లాపూర్, అచ్చంపేట బస్టాండుల్లో కనిపిస్తారు. మిషన్‌కు వాళ్లు లేరు, ఊరికి మాత్రం ఉన్నారు. మా వైపు గోప్యత మీద బొమ్మ వేసేవాళ్లు ఈ తిరకాసును ఎందుకు పట్టుకోరో నాకు అర్థం కాదు.

ఆ చేతుల రంగుకు బర్న్‌ట్ సియెన్నా, యెల్లో ఆకర్, అల్ట్రామెరీన్ చాలు. నల్లటి చర్మం మెరుపుకు ఉత్త తెలుపు కలిపితే బూడిద పూసినట్టవుతుంది. పగటి వెలుగులో ఆ మెరుపు నీలివైపు ఉంటుంది, అల్ట్రామెరీన్‌లో చిటికెడు తెలుపు చాలు. పగుళ్లలో సిమెంటు మాత్రం నిజంగానే బూడిద. అది కింద రంగు ఆరాక పొడి బ్రష్‌తో అద్దాలి.

ఒప్పుకోలుకు గుర్తుగా తడి రంగులో ఆమె బొటనవేలు అద్దించే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. నూనె రంగు వేలి గీతను అచ్చంగా పట్టి, గట్టిపడి వందల ఏళ్లు దాచిపెడుతుంది. పాత ఇటలీ బొమ్మల్లో పెయింటర్ల వేలిముద్రలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఫోన్‌లో మిగిలేది

ఇంత చేసి, చూసి వేసుకోవడానికి తీసిన ఫోటోలను ఫోన్‌లో వదిలేస్తే చేసిందంతా వృథా. కెమెరా సెట్టింగ్‌లో లొకేషన్ ఆపకపోతే ప్రతి ఫోటోలో ఊరు నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే పోదు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినది డిలీట్ చేసినా 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. చేతులు మాత్రమే కావాలంటే చేతులే తీయాలి, మొత్తం మనిషిని తీసి తర్వాత కోసుకోవడం కాదు. పక్కన పెట్టే చీటీలో ఊరి పేరు రాయొద్దు. మండలం కూడా ఎక్కువే. కాన్వాస్ బిగించే స్ట్రెచర్ కర్ర వెనక పెన్సిల్‌తో పేరు రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఇలాంటి బొమ్మకు మానుకోవాలి.

ముఖం రానీ అంటే?

ఇంతసేపూ దాచడం గురించే చెప్పాను, దీనికి ఎదురు వాదన గట్టిదే. ముఖం చాటేయడం అంటే మన మాటల్లో తప్పు చేయడం. పేపర్లో ముఖానికి గుడ్డ కట్టేది నిందితులకు. ఏళ్లుగా ‘ఫ్లోరైడ్ బాధితురాలు’ అనే మాట తప్ప పేరు లేకుండా ఫోటోలకు నిలబడ్డ మనిషి, ఈసారి నన్ను నన్నుగా, పేరుతో వేయండి అంటే, గోప్యత పేరు చెప్పి రుమాలు కప్పడం ఇంకో అవమానం. అప్పుడు ముఖమే వేయాలి, పళ్లతో సహా, ఆమె అలా అంటేనే. ఎవరు కప్పారన్నది ముఖ్యం. చెయ్యి అడ్డం పెట్టుకున్నది ఆమె అయితే అది ఆమె ఇష్టం. బ్రష్‌తో తుడిచింది మనమైతే అది మన స్టైల్.

ఒప్పుకోలు ముందే ఒకసారి అడిగి వదిలేసేది కూడా కాదు. గీయకముందు ఆమెకు బొమ్మ ఎలా ఉంటుందో తెలియదు, సరే అంటుంది. వార్నిష్ చేశాక పిలిస్తే చేసేదేమీ ఉండదు. నూనె రంగు మనకిచ్చే వెసులుబాటు దాని నిదానమే. చేతులు, పచ్చబొట్టు, గాజులు వేసిన రెండు మూడు రోజుల్లో, ఇంకా తడిగా ఉండగానే ఆమెను పిలిపించి చూపించాలి. ఈ గాజు తీసేయండంటే టర్పెంటైన్ ముంచిన గుడ్డతో తుడిస్తే తొలి పొర దాకా పోతుంది, కింద గట్టు మిగలదు. వారం దాటితే గీకాలి, గీకితే మరక. వేసవిలో నల్లగొండలో ఈ వారం నాలుగు రోజులే.

తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలకు పడేయొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడెక్కుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోదు, తనంతట తానే అంటుకుంటుంది. మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయాలి.